మచ్చయు మన్ననయు

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమునకు ముందు రచించిన అధ్యాసప్రకరణమున, ఆత్మకు లేని ధర్మములను ఆత్మయందు ఆరోపించుకొని మనుష్యుడు ఎట్లు భ్రమపడునో తెలుపుటకై కొన్ని ఉదాహరణములను వరుసగ చూపిరి. భార్యాపుత్రులు కుశలముగ నున్నపుడు తానే కుశలినని, వారికి లోటు కలిగినపుడు తనకే లోటు కలిగినదని తలచుట మొదటిది; దేహధర్మములను తన ధర్మములుగ నెంచుట దాని తరువాతిది. ఆ దేహధర్మముల వరుసలో, లావునకును సన్నమునకును ప్రక్కనే, మేని తెలుపును గూడ ఆచార్యులు చేర్చిరి. తాను తెల్లనివాడనని తలచుట, అవిద్యకు ఉదాహరణముగ చెప్పదగినంత సామాన్యమైన భ్రమ యని వేయేండ్లకు పూర్వమే ఒక దాక్షిణాత్య సన్న్యాసి గుర్తించెనన్నమాట. ఈ పాఠమును చెప్పువారు చెప్పుచునే యున్నారు, వినువారు వినుచునే యున్నారు. విని యింటికి వచ్చి, పిల్లవానికి సంబంధము వెదకునపుడు 'పిల్ల రంగేమిటి?' అని మొట్టమొదట అడుగుచునే యున్నారు.

ఇట్టి సంఘమున లేజరు అను కాంతియంత్రము చర్మవైద్యుని చేతికి వచ్చినది. హైదరాబాదు నగరమునను, విజయవాడయందును, విశాఖపట్టణమునను, ఇపుడు చిన్న పట్టణములయందు సైతము, మొగముమీది మంగుమచ్చలు, మొటిమలు మానినచోట మిగిలిన గుంటలు, పెదవిపైని నూగు, పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, ముడుతలు మొదలగువాని నన్నిటిని కాంతిచేత తొలగింతుమని చెప్పు వైద్యశాలలు వెలసినవి. వానిలో అడుగుపెట్టువారు కేవలము విలాసప్రియులని తలచుట అన్యాయము. గడ్డముపైని వెండ్రుకలను ప్రతి యుదయమును ఎవరును లేవకముందే తీసికొని, తరువాతగాని తల్లికైనను మొగము చూపని ఆడుబిడ్డలు మన యిండ్లలోనే కలరు. ఐనను ధర్మసందేహములు లేకపోలేదు. దైవదత్తమగు దేహమును మనుష్యుడు సవరించుకొనవచ్చునా? దేహము అనిత్యమని నమ్మినవాడు దానిమీది మచ్చను గూర్చి చింతిల్లవచ్చునా? పూర్వకర్మచేత వచ్చిన వికారమును ధనమిచ్చి పోగొట్టుకొన్నచో, అనుభవింపవలసిన ఆ కర్మ యేమగును? పురాణకాలక్షేపములు ముగిసిన పిమ్మట ఇట్టి ప్రశ్నలు అడుగువారిని చూచియున్నాను. వారిలో పలువురు ప్రత్యుత్తరమును ముందే నిశ్చయించుకొని వచ్చినవారు.

ఆ కాంతి చేయు పని యేదో తెలియక ధర్మనిర్ణయమునకు పూనుట నాకు సమ్మతము గాదు. ఉత్తేజితమైయున్న పరమాణువును ఒక కాంతికణము తాకినపుడు, అది సర్వవిధముల తనవంటిదే యగు మఱియొక కణమును వెలువరింపజేయునని 1917లో ఐన్‌స్టీను గణితముచేత చూపెను. ఆ సూత్రము యంత్రరూపము దాల్చుటకు నలువది మూడేండ్లు పట్టినది. 1960 మే 16వ తేదీన, కాలిఫోర్నియాలోని మాలిబూ యందు, హ్యూస్ పరిశోధనశాలలో, థియొడోర్ మైమన్ అను శాస్త్రజ్ఞుడు కృత్రిమముగ చేసిన కెంపుకడ్డీనుండి తొలి లేజరుకిరణమును రప్పించెను. నవరత్నములలో సూర్యునకు చెప్పబడిన రత్నము కెంపే యగుట కాకతాళీయమే యైనను నాకు ముచ్చట గొలుపును. కొలది యేండ్లలోనే సిన్సినాటి నగరమున లియొన్ గోల్డ్‌మన్ అను చర్మవైద్యుడు ఆ కిరణమును మనుష్యచర్మముపై ప్రయోగించి చూచెను. 1964లో, మన దేశమున బారామతిలో పుట్టి అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన కుమార్ పటేల్, బొగ్గుపులుసు వాయువుతో వేఱొక లేజరును నిర్మించెను. ఆ కిరణమును నీరు మిక్కిలిగ పీల్చుకొనును గనుక, నీటితో నిండిన చర్మమును అది పొరలు పొరలుగ ఆవిరి చేయగలది. ముడుతలకును మొటిమగుంటలకును అది నేటికిని వాడుకలో నున్నది.

తాత్త్వికునకు పనికివచ్చు ఘట్టము మాత్రము 1983లో జరిగినది. బోస్టను నగరమున రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అను ఇరువురు వైద్యులు ఒక సిద్ధాంతమును ప్రకటించిరి. కాంతి తన్ను పీల్చుకొను వస్తువునే వేడిచేయును, తక్కినదానిని దాటిపోవును. ఎండలో ఆఱవేసిన నల్లచీర తెల్లచీరకంటె ముందుగ కాగుట మనమెఱిగినదే. మఱియు వేడెక్కిన ప్రతి కణమునకును, ఆ వేడిని ప్రక్కవానికి పంచుటకు కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధికంటె తక్కువ కాలములో కాంతిని ప్రయోగించి ఆపినచో, వేడి ప్రక్కకు ప్రాకకముందే లక్ష్యము నశించును, పరిసరము నిలుచును. ఎఱ్ఱని మచ్చలోని రక్తమునకు 595 నానోమీటర్ల పసుపుపచ్చని కాంతి. వెండ్రుక కుదుటిలోని నలుపునకు 755 మొదలు 810 వఱకును గల కాంతి. పచ్చబొట్టులోని మసికి కంటికి కానరాని 1064 నానోమీటర్ల కాంతి, అదియు సెకనులో నూఱుకోట్లవ వంతుల లెక్కన. ఇంతటి నిర్దుష్టమైన వివేచనశక్తి గల శస్త్రము వైద్యునకు అంతకుముందెన్నడును లభింపలేదనవచ్చును.

ఐతే ఆ వివేచన దేనిని గూర్చినది? కిరణమునకు రంగు తెలియును, దోషము తెలియదు. మంగుమచ్చయందలి నలుపును, దాని చుట్టునున్న మేనిచాయయందలి నలుపును ఒకే పదార్థము, రెండును మెలనినే. 'ఇంతవఱకు మచ్చ, ఇటుపైని చాయ' అని గీత గీసినవారు మనము. ఆ గీతను కిరణము ఎఱుగదు. అందుచేతనే మనవంటి చామన మేనులపై తగని కిరణమును, తగని శక్తితో ప్రయోగించినచో, మచ్చ పోవుటకు మాఱు చుట్టునున్న చర్మముగూడ కాలి, కాలినచోట వెనుకటికంటె నల్లని మచ్చ నిలుచును. అమెరికా చర్మవైద్యుడగు ఫిట్జ్‌పాట్రిక్, అతినీలలోహితకాంతి చికిత్సలో మోతాదు నిర్ణయించుటకై, ఎండకు చర్మము కందునా, నల్లబడునా అను ప్రశ్నను ఆధారము చేసికొని 1975లో చర్మమును తరగతులుగ విభజించెను. మొదట ఆ తరగతులు తెల్లని చర్మమునకే యేర్పడినవి. గోధుమవన్నె వారికిని నల్లనివారికిని తరువాత చోటు కల్పింపబడినది. మనవారిలో పలువురు నాలుగవ, ఐదవ తరగతులలో చేరుదురు. మేనిచాయను తెలుపు చేయుదునని చెప్పుకొనుచు ఫెయిర్ అండ్ లవ్లీ అను లేపనము మన దేశపు అంగళ్లలోనికి వచ్చినదియు ఆ 1975వ సంవత్సరముననే. ఒకచోట వైద్యుడు చర్మము కాలకుండుటకై వన్నెలను లెక్కించుచుండగా, వేఱొకచోట వర్తకుడు ఆ వన్నెలనే నిచ్చెనమెట్లుగ పేర్చి అమ్ముచుండెను.

మంగుమచ్చల విషయమున మఱియొక మాట. తెలిసిన వైద్యులు వానికి మొదటనే లేజరు చేయరు. ఎండనుండి రక్షణము, పూతమందులు, ఓర్పు అనునవి ముందు చెప్పుదురు. లేజరుచేత తగ్గిన మంగు మఱల వచ్చుట తఱచు, వచ్చునపుడు ముదిరి వచ్చుటయు కలదు. సుశ్రుతుడు ఈ మంగును వ్యంగమను పేర క్షుద్రరోగములలో చేర్చి, కోపముచేతను ఆయాసముచేతను ప్రకోపించిన వాయువు పిత్తముతో కూడి మొగమునకు వచ్చి మండలము గట్టునని నిదానము చెప్పెను. నేటి శాస్త్రము ఎండను, గర్భధారణమును, హార్మోనులను కారణముగ చెప్పును. నిదానము మాఱినది గాని, దినమెల్ల పొయ్యియొద్దను పొలమునను ఆయాసపడు స్త్రీల మొగములమీద ఆ మచ్చ నిలుచుట మాఱలేదు.

సుశ్రుతుని పేరు వచ్చినది గనుక కర్మవాదమును ఇచటనే ముగింతును. ఆకలియు ప్రారబ్ధమే యని చెప్పి అన్నము వండుట మానినవారు లేరు. జ్వరమునకు కషాయము త్రాగినవాడు కర్మకు ద్రోహము చేసెనని ఏ ధర్మశాస్త్రమును పలుకలేదు. ఇక సౌందర్యమాత్రమునకై చేయు చికిత్స వేఱుగదా యందురేమో. వ్రణమునకు చేయవలసిన అఱువది ఉపక్రమములను సుశ్రుతుడు పేర్కొన్నపుడు, పుండు మానుటతో లెక్క ముగించలేదు. మానినచోటు నల్లబడినచో తెల్లబఱచుట, తెల్లబడినచో నల్లబఱచుట, వెండ్రుకలు మొలవనిచోట మొలిపించుట, మొలవరానిచోట తొలగించుట అనునవి ఆ అఱువదిలోనివే. చర్మము తన పూర్వపు వన్నెకు వచ్చినగాని వ్రణచికిత్స పూర్తికాదని ఆయన మతము. నల్లబఱచుటకు నల్లజీడిని వాడుమనెను. పులిపిరులను, పుట్టుమచ్చలను శస్త్రముతో కోసి క్షారముతోను అగ్నితోను కాల్చుమనెను. కాంతితో కాల్చుట ఆయన యెఱుగడు గాని, కాల్చవచ్చునా యను సంకోచము ఆయనకు లేదు. అన్య మతములలోను ఈ విచారము కలదు. యూదుల ధర్మగ్రంథమున లేవీయకాండము పచ్చబొట్టును నిషేధించినది. సృష్టిని మార్చుట తగదని చెప్పు ముస్లిము ధర్మవేత్తలే, యుద్ధమున ముక్కు పోగొట్టుకొన్న ఒక అనుచరునకు బంగారుముక్కు పెట్టించుకొనుటకు ప్రవక్త అనుమతించిన వృత్తాంతమును ఆధారము చేసికొని, లోపమును పూరించుట వేఱు, ఉన్నదానిని వినోదమునకై మార్చుట వేఱు అని భేదము చేసిరి. ఆ భేదము వినుటకు సుకరము. ఐతే ఏది లోపము, ఏది వినోదము అను ప్రశ్న ఎప్పటియట్లే నిలుచును.

మన వేదపురాణేతిహాసములలో ఆ ప్రశ్నను వేఱొకవైపునుండి చూచిన కథలు మూడు కలవు. మూడింటను దేహవికారము దైవికముగ తొలగుటయే కథాంశము గనుక, చికిత్సకు అవి అనుకూలములే. నన్ను ఆకర్షించినది వానియందలి పౌర్వాపర్యము.

ఋగ్వేదము ఎనిమిదవ మండలమున అపాల కథ కలదు. చర్మవ్యాధిచేత భర్తకు అనిష్టురాలైన ఆ యువతి, నీటికి పోవుచు త్రోవలో సోమలతను కనుగొని, దానిని తన పండ్లతోనే నమలి రసము తీసి యింద్రునకు సమర్పించెను. ఱాళ్లతో దంచి, మంత్రములతో వడగట్టి యీయవలసిన సోమమును, రోగిణి నోటినుండి వచ్చినదానిని, ఇంద్రుడు త్రాగెను. ఆ తరువాతనే వరము. ఆమె తన తండ్రి బట్టతలకు వెండ్రుకలను, ఆయన చేనికి పంటను, తన మేనికి రోమములను కోరెను. ఈ మూడవ కోరిక విన్న నేటి చర్మవైద్యుడు నవ్వుకొనును. ఆయన యొద్దకు వచ్చువారు దానికి సరిగ విపరీతమును కోరుచున్నారు. ఇంద్రుడు ఆమెను రథరంధ్రమున, బండిరంధ్రమున, కాడిరంధ్రమున దూర్చి ముమ్మాఱు లాగి సూర్యునివంటి చర్మము గలదానిగ చేసెను. ఊడిన మూడు చర్మములును ముళ్లపందియు, ఉడుమును, ఊసరవెల్లియు ఐనవని భాష్యకారులు పూర్వకథను ఉదాహరింతురు.

భాగవత దశమస్కంధమున మథురానగర వీథిలో కుబ్జ కనబడును. కంసునకు అంగరాగములు సమకూర్చు పరిచారిక యామె. పరుల దేహములకు అందము కూర్చుచు బ్రదుకుచున్న స్త్రీ మూడుచోట్ల వంగిన దేహముతో వీథిని నడచుచుండుటలోని వైపరీత్యము పౌరాణికునకు తెలియకపోలేదు. శ్రీకృష్ణుడు ఆమెను చూచి, వంకరలు తీర్చకముందే, ఒక సుందరిని పిలుచునట్లు పిలిచెను. ఆమె చేతిలోని లేపనమును అడిగి పుచ్చుకొని పూసికొనెను. పిమ్మట ఆమె పాదములపై తన పాదము మోపి, రెండు వ్రేళ్లతో గడ్డము పట్టి పైకెత్తి, మేనిని చక్కచేసెను. పిలుపు ముందు, పూత తరువాత, చికిత్స ఆ తరువాత. ఈ క్రమమును మార్చి, ముందు చక్కచేసి తరువాత సుందరీ యని పిలిచియుండినచో, ఆ కథలో భగవంతుడు మిగులడు. నిపుణుడైన వైద్యుడొకడు మిగులును.

మూడవది అష్టావక్రునిది. ఈయనను గూర్చి మనవారు చెప్పుకొను కథ వేఱు, వ్యాసుడు చెప్పిన కథ వేఱు. జనకసభలో పండితులు ఆయన వంకరలను చూచి నవ్విరనియు, చర్మమును చూచి వెలకట్టువారు చర్మకారులేగాని పండితులు గారని ఆయన బదులు చెప్పెననియు జనశ్రుతి. చెప్పులు కుట్టి బ్రదుకువారిని తక్కువచేయు ఆ సమాధానము నాకు రుచింపదు. దేహముతో తన్ను తూచవలదని పలుకువాడు పరులను వృత్తితో తూచుట యేమి? అరణ్యపర్వమున ఆ నవ్వు లేదు. అచట ద్వారపాలకుడు అతనిని ఆపినది బాలుడని గాని వక్రుడని గాదు. తండ్రియగు కహోడుడు వేదము చదువుటలో చేసిన తప్పును గర్భమునుండియే యెత్తిచూపినందులకు, ఆ తండ్రి శాపముచేతనే యెనిమిదిచోట్ల వంకరయై పుట్టిన యీ బాలుడు, వాదమున ఓడి నీటిలో ముంపబడిన ఆ తండ్రి కొఱకే రాజసభకు వచ్చి, ఆయన నోడించిన వంది యను పండితుని వాదమున జయించి, తండ్రిని విడిపించుకొనెను. వేదాంతగోష్ఠులలో కథ ఇచటనే ఆగును. దేహము తుచ్ఛము, జ్ఞానము ఘనము అని చెప్పి ముగింతురు. వ్యాసుడు ఆపలేదు. తిరిగి వచ్చుచు కహోడుడు కుమారుని సమంగానదిలో దిగుమనెను. దిగినంతనే వంకరలన్నియు తీరి అంగములు సమములైనవి.

ఆ నదిని మనవారు ఎందుకు మఱచిరి? దేహనిరాకరణమునకు అష్టావక్రుని ధ్వజముగ నెత్తినవారికి, ఆ ధ్వజము తుదకు నదిలో మునిగి చక్కబడుట ఇబ్బందికరమగును. నాకు మాత్రము అందు విరోధము కనబడదు. వంకరమేనితోనే సభలో ప్రవేశించెను, వంకరమేనితోనే వాదించెను, గెలిచెను, పూజింపబడెను. నది యొడ్డునకు వచ్చునాటికి అతడు ఎవరికిని ఏమియు ఋజువు చేయవలసిన పని లేదు. కనుకనే ఆ స్నానము ఆతని జ్ఞానమునకు లోటు చేయలేదు. అపాలకును, కుబ్జకును, అష్టావక్రునకును మన్నన ముందుగ లభించినది, మచ్చ తరువాత పోయినది. మన్ననకు మచ్చ పోవుట వెల కాలేదు.

నేడు జరుగుచున్నది దీనికి విలోమము. పెండ్లికూతుండ్ర కొఱకని వైద్యశాలలు మూడునెలల, ఆఱునెలల చికిత్సలను మొత్తముగ ధరకట్టి అమ్ముచున్నవి; చాల యిండ్లలో ఆ ఖర్చు పట్టుచీరల ఖర్చు ప్రక్కనే వ్రాయబడుచున్నది. పెండ్లిచూపులకు వచ్చినవారు తిరిగిపోయి 'కబురు చేస్తాం' అని ఊరకుండగా, కొన్ని దినములకు ఎవరో ఒక పిన్ని 'ఆ మొహమ్మీద మచ్చ చూశారటే' అని చెవిలో వేయును. మఱునాడు తల్లి కూతును వెంటబెట్టుకొని చర్మవైద్యుని యొద్దకు బయలుదేరును. ఇచట చికిత్స పొందినది ఎవరి వ్యాధికి? అధ్యాసను గూర్చి ఆచార్యులు చెప్పినది, తన దేహధర్మమును తనయందు ఆరోపించుకొను భ్రమను గూర్చి. ఆ పిల్ల ఆరోపణను తానై మొదలుపెట్టలేదు. పదిమంది పెద్దలు కూర్చుండి, కాఫీ త్రాగుచు, ఆమెయందు ఆమె చర్మమును ఆరోపించిపోయిరి. భ్రమ వారిది, మంట ఆమెది. ఆ మంట నిజముగ మంటయే. ప్రతి కిరణఘాతమునకును సాగదీసిన రబ్బరు చర్మముపై చుఱుక్కున తగిలినట్లుండునని చికిత్స పొందినవారు చెప్పుదురు.

ఇట్టివేళ 'నీవు దేహము కావు తల్లీ' అని ఉపదేశించువారిని చూచినచో నాకు కోపము వచ్చును. బౌద్ధభిక్షువునకు దీక్షనిచ్చునపుడు కేశములు, రోమములు, నఖములు, దంతములు, త్వక్కు అను ఐదింటిని మొట్టమొదటి ధ్యానవస్తువులుగ ఉపదేశింతురు. రాగము పుట్టించునవి ఈ ఐదే గనుక వీనిని ఉన్నవున్నట్లు చూడుమని తాత్పర్యము. సౌందర్యశాలల గోడలమీది ధరల పట్టికయు సరిగ ఈ ఐదింటినిగూర్చినదే యగుట గమనింపదగినది. అయితే భిక్షువు ఆ ధ్యానమును తన దేహమునుగూర్చి తాను కోరి చేయును. ఆ వైరాగ్యమును పరులకు, అందును ఒక యాడుపిల్లకు, చికిత్సకు డబ్బు పెట్టుట యిష్టములేని తండ్రి బోధించినచో అది వైరాగ్యము గాదు, లోభము. సంబంధములు తిరుగగొట్టిన మేనమామ బోధించినచో అది కాపట్యము. దేహము నేను కానని తెలిసినవాడు ఎదుటివారి దేహమునుగూర్చి మాటాడుట మానవలెను. ముందు ఆ లక్షణము కనబఱచినవానికే ఆ బోధకు అధికారము కలదని నేనందును.

పచ్చబొట్టు సంగతి వీనికంటె చిక్కైనది. ఏలయన అది పుట్టుకతో రాలేదు, మనమే వేయించుకొన్నది. మన పల్లెలలో ఎఱుకలసానులు సూదులతో పొడిచి పొడులద్దిన పచ్చబొట్టు మా నాయనమ్మల తరమువారికి చేతినిండ నుండెడిది. 'నగలు ఎవరైనా తీసుకుంటారు, దీన్నెవరు తీసుకుంటారే? పోయేటప్పుడు వెంట వచ్చేది ఇదొక్కటే' అని వారు చెప్పుకొనెడివారు. ఇపుడు తీసికొనువారు వచ్చిరి. తెగిపోయిన ప్రేమలో వ్రాయించుకొన్న పేరు, సైన్యమున చేరగోరు యువకుని భుజముమీది సింహము (మన సైన్యమున ముంజేతి లోపలివైపునను అఱచేతి వెనుకను తప్ప పచ్చబొట్టునకు సామాన్యముగ అనుమతి లేదు, గిరిజనులకు సడలింపు కలదు), ఇవి లేజరు క్రింద నిత్యము కరగుచున్నవి.

కరగి యెచటికి పోవును? మసికణములు చర్మముక్రింద నిలుచుటకు కారణము, వానిని భక్షకకణములు మ్రింగి కదలక కూర్చుండుట. ఆ కణములు శాశ్వతములు గావు. ఒకటి చచ్చి విడిచిన మసిని దాని ప్రక్కనున్న మఱియొకటి మ్రింగునని 2018లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఎలుకలయందు చూపిరి. మోయువారు మాఱుచుండగా గుర్తు మాఱక యుండుట, క్షణికవాదులగు బౌద్ధులకును నిత్యాత్మవాదులకును నడచిన పెద్ద వివాదమున ఎవరికి ఉపకరించునో పండితులు తేల్చుకొందురుగాక. లేజరు ఆ మసిని చిన్న తునుకలు చేయును. తునుకలను కణములు మోసికొని, శోషరసమార్గమున చంకలలోని గ్రంథులకు చేర్చును, కొంత అచటనే నిలుచును. కనుక చెఱిపిన పేరు చర్మమును విడిచినదేగాని దేహమును పూర్తిగ విడువలేదు. నాయనమ్మలు చెప్పినది తాము తలచినదానికంటె ఎక్కువ నిజమైనది. అపాల విడిచిన చర్మములు ఉడుమై, ఊసరవెల్లియై బ్రదికినవన్న పూర్వకథకును దీనికిని ఎంత దగ్గఱ సంబంధము! ఐనను, పాత పేరును చంకలో దాచుకొని క్రొత్త బ్రదుకు బ్రదుకు స్త్రీని తప్పుపట్టుటకు ఇందు ఏమియు లేదు. ఆ పేరు వేయించుకొన్నది ఆమె, తీయించుకొన్నది ఆమె. నడుమ వేఱొకని చూపు అడ్డు రానంతకాలము వేదాంతికి అచట పని లేదు.

కష్టమైన ప్రశ్న, తన చర్మమునుగూర్చి తనకు ఏ తలపును లేని శిశువుది. కొందఱు బిడ్డలు చెక్కిలిమీద ముదురెఱుపు మచ్చతో పుట్టుదురు. చర్మములోని సన్నని రక్తనాళములు వెడల్పై నిలిచిపోవుటచేత వచ్చు ఆ మచ్చ తనంతట తాను పోదు; వయస్సుతో ముదిరి దళసరి యగును. 595 నానోమీటర్ల లేజరుచేత దానిని చాలవఱకు తగ్గింపవచ్చును. చర్మము పలుచగ నుండు శైశవముననే మొదలిడినచో ఫలము మెఱుగు. పలుమాఱులు చేయవలెను, పూర్తిగ పోవునన్న హామీ లేదు, పోయినది కొంత తిరిగి రావచ్చును. మన యూళ్లలో దీనిని గ్రహణపు మచ్చ యని, తల్లి కడుపుతో నున్నపుడు గ్రహణమును చూచినందున వచ్చినదని నిందింతురు. గర్భమున బిడ్డ రూపుకట్టుచుండగా ఒక్క కణములో జన్యువొకటి మాఱుటచేత ఇది వచ్చునని 2013లో తెలిసినది. తల్లినుండి వచ్చినది గాదు, తండ్రినుండి వచ్చినది గాదు, సూర్యచంద్రులకును రాహువునకును దానితో సంబంధము లేదు.

ఆ బిడ్డకు అధ్యాస యింకను పుట్టలేదు. 'నేను' అని పలుకుట రానివానికి 'నేను మచ్చగలవాడను' అను భ్రమ యెక్కడిది? అట్టి పసివానిని పట్టుకొని, కన్నులకు రక్షణము కట్టి, కిరణముతో కాల్చుటకు తల్లిదండ్రులకు అధికారము కలదా? వాడు పెద్దవాడై 'నన్నడుగక నా మొగమును ఎందుకు మార్చితిరి' అనినచో ఏమి చెప్పుదురు? మార్పించనిచో, 'చేతిలో నుండియు ఎందుకు మార్పింపలేదు' అనునేమో! ఈ రెంటిలో దేనిని వినుటకు సిద్ధపడవలెనో యెవరికివారే నిర్ణయించుకొనవలెను. నేనైతే మొదటిదానికి సిద్ధపడుదును. వంకరను ఇచ్చిన కహోడుడే కుమారుని నదికి పంపెను. ఏ శాపమును ఈయని నేటి తండ్రి పంపుటకు సంకోచింప నక్కఱలేదు. కాని చికిత్స మొదలుకాకముందు తీసిన ఛాయాపటములను చింపివేయుట, అడిగినవారికి చూపకుండుట, ఆ యేడాది అసలు జరుగనట్లే నటించుట కొన్ని కుటుంబములలో కలదు. అది చేయవలదు. నామకరణమునాడును, అన్నప్రాశననాడును ఆ మచ్చతోనే ఆ బిడ్డను బంధువులందఱును చేతులు మార్చుకొనుచు ఎత్తుకొనిరి, దిష్టి తీసిరి, ముద్దులాడిరి. ఆ పటములను ఆల్బములో మొదటి పుటలలోనే అంటింపుడు. బిడ్డకు ఊహ తెలిసినపుడు మీరే తెఱచి చూపుడు.